సుమ గారి తెలుగు, మన తెలుగు



ఏటా ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలైనప్పుడు తెలుగు తీసుకునే పిల్లల పేర్లు రాసుకుంటాం. అప్పుడు మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మూడేళ్లలో నాన్నకు మళ్లీ ట్రాన్స్‌ఫర్ వస్తుంది. వెళ్లేచోట తెలుగు ఉంటుందో ఉండదో తెలియదు. ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం?" కొన్నిసార్లు పిల్లలే అడుగుతారు. కొన్నిసార్లు వాళ్ల తరఫున అమ్మానాన్నలు అడుగుతారు. తెలుగు ఇంటి పిల్లలు అడిగినా, వేరే భాష మాట్లాడే ఇంటి పిల్లలు అడిగినా ప్రశ్న వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. భాష అనేది ఒకే ఊళ్లో స్థిరపడినవాళ్ల సొత్తు, పెట్టెలు సర్దుకుంటూ తిరిగే మనకు కాదు అని.

ఈ ఆలోచన సరికాదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి వ్యాకరణంతో మొదలుపెట్టి మిమ్మల్ని భయపెట్టం. మీకందరికీ తెలిసిన ఒక టీవీ యాంకర్‌తో మొదలుపెడతాం. ఆమె సుమ కనకాల.

సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు టీవీలో ఆమెను మీరు చూసే ఉంటారు. కొత్త సినిమా విడుదలకు ముందు జరిగే వేడుకల్లో, హీరోలనూ దర్శకులనూ వేదిక మీదికి పిలుస్తూ, నవ్విస్తూ, ఆటపట్టిస్తూ కనిపిస్తారు. సినిమా కబుర్లు జనానికి చేరవేసేవాళ్లలో ఆమె పేరే ముందు గుర్తొస్తుంది. ఆమె మాట్లాడుతుంటే గోదావరి ఒడ్డున పుట్టిన మనిషేమో అనుకునేవాళ్లున్నారు. నిజానికి ఆమె మాతృభాష మలయాళం. సొంత ప్రాంతం కేరళలోని పాలక్కాడ్. నాన్నగారి రైల్వే ఉద్యోగం ఆ కుటుంబాన్ని సికింద్రాబాదుకు తీసుకొచ్చింది. అంటే ఆమె కూడా మీలాగే, ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ ఇల్లు కట్టుకున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కూతురు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, బడిలో మరో భాష. ఈ లెక్క మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆమె చేసే పని ఏమిటో అర్థం కావాలంటే తెలుగు టీవీ కథ కొంచెం తెలియాలి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబరు 14న, అంటే బాలల దినోత్సవం రోజున మొదలయ్యాయి. తొలి వార్తలు చదివినది శాంతి స్వరూప్ గారు. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఆయన్ని తలుచుకునే ఉంటారు. ఎదురుగా తెర మీద అక్షరాలు చూపించే టెలీప్రాంప్టర్ లేని రోజుల్లో ఆయన చేతిలో కాగితాలు పెట్టుకుని, తలెత్తి మనల్ని చూస్తూ చదివేవారు. వార్తలు చదివేవాళ్లకు మాట ముందే రాసి ఉంటుంది. దాన్ని స్పష్టంగా, నిదానంగా, తప్పు లేకుండా పలకడం వాళ్ల పని.

1995లో ఈటీవీ, జెమిని వంటి ప్రైవేటు ఛానళ్లు వచ్చాక ఇంకో రకం పని పుట్టింది. సినిమా విశేషాలు చెప్పాలి, నటులతో ముచ్చటించాలి, ఆటలు ఆడించాలి, ప్రేక్షకుల మధ్యకు వెళ్లి మాట కలపాలి. దీన్ని చేసేవాళ్లను యాంకర్ అన్నాం. కొందరు వ్యాఖ్యాత అన్నారు. ఇక్కడ రాసి ఇచ్చిన మాటలు కొన్నే ఉంటాయి. ఎదుటి మనిషి ఏమంటాడో ముందే తెలియదు. అతను ఏదో అనగానే దానికి తగిన మాట అప్పటికప్పుడు నోటికి రావాలి. పరాయి భాషలో పరీక్ష రాయవచ్చు, దరఖాస్తు రాయవచ్చు. హాస్యం ఆడటం మాత్రం చాలా కష్టం. ఒక భాషలో మీరు వేసిన జోకుకు ఎదుటివాళ్లు నవ్వారంటే ఆ భాష మీది అయినట్టే. సుమ గారు గెలిచింది సరిగ్గా ఈ కష్టమైన చోట.

ఈ గెలుపు మొదటి అడుగులోనే రాలేదు. 1996లో దాసరి నారాయణరావు గారి దర్శకత్వంలో వచ్చిన 'కళ్యాణ ప్రాప్తిరస్తు' సినిమాలో ఆమె కథానాయిక. కథానాయికగా ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు. సీరియళ్లలో నటించారు. 1999లో నటుడు రాజీవ్ కనకాలతో వివాహమైంది. రాజీవ్ తండ్రి దేవదాస్ కనకాల, తల్లి లక్ష్మీదేవి గార్లు ఎంతోమందికి నటనలో శిక్షణ ఇచ్చిన గురువులు. దేవదాస్ గారిది యానాం. మన అండమాన్‌లాగే యానాం కూడా ఆంధ్రప్రదేశ్‌లో లేని ప్రాంతం, పుదుచ్చేరి కింద ఉన్న తెలుగు నేల. అలా పాలక్కాడ్ అమ్మాయి యానాం వారి కోడలైంది. ఈ ఇంటి తెలుగు ఏ ఒక్క రాష్ట్రం సరిహద్దులోనూ ఇమడదు.

ఆమెకు ఇంటింటా పేరు తెచ్చింది ఈటీవీలో వచ్చిన 'స్టార్ మహిళ'. పదేళ్లకు పైగా నడిచింది. సినిమా తారలు కాదు, మన ఇళ్లలో అమ్మల్లాంటి వాళ్లు వచ్చి ఆడే ఆటల కార్యక్రమం అది. గుంటూరు నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఒకరు, అనంతపురం నుంచి ఇంకొకరు. ఒక్కొక్కరిది ఒక్కో యాస. కెమెరా ముందు నోరు పెగలని వాళ్లే ఎక్కువ. ఆ కార్యక్రమాలు దొరికితే ఒకసారి చూడండి. సుమ గారు మాట్లాడే తీరు కన్నా వినే తీరు గమనించండి. వచ్చినావిడ అన్న మాటలోంచే తన తర్వాతి మాట అందుకుంటారు. ఆవిడ ఊరి పేరు, వంట పేరు, వరస పేరు పట్టుకుని దాని చుట్టూ ఒక నవ్వు అల్లుతారు. మా ఉద్దేశంలో ఆమెకు అంత తెలుగు రావడానికి ఇదొక పెద్ద కారణం. ఏళ్ల తరబడి, ప్రతి ప్రాంతం వాళ్లతో, వాళ్ల మాట వింటూ మాట్లాడారు. అది ఏ కోచింగ్ సెంటర్‌లోనూ దొరకని చదువు.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. "ఆమె సికింద్రాబాదులోనే పెరిగారు కదా! తెలుగు మధ్యలో ఉన్నారు. మేము మూడేళ్లు ఇక్కడ, మూడేళ్లు ఇంకెక్కడో. మాకూ ఆమెకూ పోలికేమిటి?" న్యాయమైన మాటే. ఒకే చోట ఉండటం వల్ల భాషకు కలిగే మేలు మనకు లేదు. అది ఒప్పుకోవాల్సిందే.

అయితే బదిలీలే జీవితంగా ఉన్న ఇంకో మనిషి తెలుగుకు ఏం చేశాడో చూడండి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టిన ఆంగ్లేయుడు. 1817లో ఉద్యోగం కోసం మద్రాసు వచ్చాడు. తెలుగు అతనికి మొదట ఉద్యోగం కోసం రాయాల్సిన ఒక పరీక్ష మాత్రమే. తర్వాత ఈస్టిండియా కంపెనీ అతన్ని కడపకు పంపింది, మచిలీపట్నం పంపింది, రాజమండ్రి పంపింది. వెళ్లిన ప్రతిచోటా అతను తెలుగు తాళపత్రాలు వెతికించాడు, నకళ్లు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. అతని నిఘంటువు 1852లో వచ్చింది, ఇవాళ్టికీ మా బల్ల మీద ఉంది. ప్రతి బదిలీ అతని సంచిలో కొత్త మాటలు వేసింది. ఒకే ఊళ్లో కూర్చున్నవాడికి ఆ సంచి అంతగా నిండేది కాదేమో!

కాబట్టి మూడేళ్లు చాలవు అనే లెక్క మాకు ఒప్పుదల కాదు. ఉన్న మూడేళ్లలో చెవులు తెరిచి ఉన్నామా లేదా అన్నదే లెక్క. పన్నెండేళ్ల ఉద్యోగంలో మాకిది అయిదో ఊరు. ఒకే నగరంలో పుట్టి పెరిగి అక్కడి కూరగాయలామె మాట అర్థం కాని పిల్లలను చూశాం. తండ్రి ఉద్యోగం వల్ల ఏడాదిన్నరే ఒక ఊళ్లో ఉండి అక్కడి పాటలూ తిట్లూ సామెతలూ మూటకట్టుకుపోయిన పిల్లలనూ చూశాం.

ఇక మనం ఉన్న ఈ ద్వీపాల సంగతి. "ఇక్కడ తెలుగు ఎక్కడుంది మేడమ్?" అని కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు పదమూడు మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం పక్కనే నిలిచే పెద్ద భాషల్లో మనదొకటి. నిన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న ఈ శ్రీ విజయపురంలో జంగ్లీఘాట్ వైపు వెళ్లండి. చేపల రేవు దగ్గర వంజరం బేరమాడుతూ, వలలు బాగుచేసుకుంటూ తెలుగు వినిపిస్తుంది. వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు. ఇప్పటికీ విశాఖ నుంచి ఇక్కడికి ఓడ ఉంది. సముద్రం మీద దూరం పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వచ్చినా 'ఏటి' అనే మాట 'ఏమిటి'గా మారలేదు. పిల్లాడు 'గుంటడు'గానే ఉన్నాడు.

మన క్వార్టర్స్ పిల్లలు కొందరు ఆ మాట విని నవ్వడం మేము గమనించాం. అది పుస్తకంలో తెలుగు కాదు కదా అంటారు. వాళ్లకు సుమ గారి గురించే ఇంకో విషయం చెబుతాం. 2022 మే నెలలో ఆమె ప్రధాన పాత్రలో 'జయమ్మ పంచాయితీ' అనే సినిమా వచ్చింది. సంగీతం ఎం.ఎం. కీరవాణి గారిది. కథ జరిగేది శ్రీకాకుళం జిల్లా పల్లెలో. జయమ్మగా సుమ గారు మాట్లాడేది శ్రీకాకుళం యాసే. మలయాళం ఇంట పుట్టి, సికింద్రాబాదులో పెరిగి, పాతికేళ్లు టీవీలో అందరికీ అర్థమయ్యే తెలుగు మాట్లాడిన మనిషి, నడివయసులో మళ్లీ విద్యార్థిలా కూర్చుని ఇంకో తెలుగు నేర్చుకున్నారు. సినిమా ఎంత ఆడింది అన్నది వేరే సంగతి. ఆమె అంత శ్రమపడి నేర్చుకున్న యాస మనకు ఇక్కడ చేపల రేవులో ఉచితంగా దొరుకుతోంది. దాన్ని విని నవ్వడం మానేసి, విని రాసుకుంటే ఎంత బాగుంటుంది!

ఇంకో అభ్యంతరం పెద్దల నుంచి వస్తుంది. "టీవీ యాంకర్లను చూపించి తెలుగు నేర్పిస్తారా? సగం ఇంగ్లీషే కదా అది!" ఈ ఫిర్యాదులో నిజం ఉంది. 'సో', 'బట్', 'యాక్చువల్లీ' లేకుండా వాక్యం పూర్తి కాని కార్యక్రమాలు మేమూ చూస్తున్నాం. అవసరమైన చోట ఇంగ్లీషు మాట వాడటం తప్పు కాదు. టీవీ, బస్సు, మైకు మన మాటలే అయిపోయాయి. తెలుగు మాట తెలియక ఇంగ్లీషు మాట వాడటం వేరు. ఆ మాట తెలిసి, సభను బట్టి ఎంచుకోవడం వేరు. సుమ గారు ఇంగ్లీషు కలపరని మేము అనం. కానీ సామెత కావలసిన చోట ఆమెకు సామెత దొరుకుతుంది, చమత్కారం కావలసిన చోట తెలుగు మాటే దొరుకుతుంది. చేతిలో రెండూ ఉన్నవాళ్లకే ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది. మీకు ఆ స్వేచ్ఛ రావాలనే మా తాపత్రయం.

మాటకు ఇంకో వైపు కూడా ఉంది. 2023లో ఒక సినిమా కార్యక్రమంలో సుమ గారు విలేకరుల గురించి సరదాగా అన్న మాట ఒకటి వాళ్లను నొప్పించింది. ఒక విలేకరి అక్కడే అభ్యంతరం చెప్పారు. తర్వాత ఆమె వీడియోలో క్షమాపణ చెప్పారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు పెద్దలు. మైకు చేతిలో ఉన్నవాళ్లకు ఈ సామెత రెండింతలు వర్తిస్తుంది. ఊరూరా కొత్తవాళ్లతో మాట్లాడాల్సిన మనకూ వర్తిస్తుంది. కొత్త ఊరి భాష నేర్చుకునేటప్పుడు ఏ మాట నవ్విస్తుందో నేర్చుకున్నట్టే, ఏ మాట గుచ్చుకుంటుందో కూడా నేర్చుకోవాలి. గుచ్చుకున్నదని తెలిస్తే సాగదీయకుండా మన్నించమని అడగాలి.

ఇంతకీ మేము కోరేది ఏమిటి?

తెలుగు ఇంటి పిల్లలకు మొదట. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం కదా, బడిలో ఎందుకు అనుకోకండి. ఇంట్లో మాట్లాడేది అన్నం పెట్టు, చెప్పులు తీయి, లైటు ఆర్పు వరకే ఉంటుంది. అమ్మమ్మకు ఉత్తరం రాయాలంటే, తాతయ్య దాచుకున్న పుస్తకం తెరవాలంటే అక్షరాలు కావాలి. ఆరేడేళ్ల వయసులో తప్పిపోయిన అక్షరాలు పాతికేళ్ల వయసులో పట్టుకోవడం కష్టం. మళ్లీ బదిలీ అయ్యేచోట తెలుగు లేకపోతే, ఇక్కడ నేర్చుకున్నదే మీ వెంట వస్తుంది. సామాన్ల లారీలో చోటు పట్టని సామాను ఇదొక్కటే.

తెలుగు రాని ఇళ్ల పిల్లలకు తర్వాత. మీ బెంగాలీ, మీ తమిళం, మీ హిందీ వదిలిపెట్టి రమ్మనడం లేదు. సుమ గారు మలయాళం వదిలి తెలుగులోకి రాలేదు, మలయాళంతోనే వచ్చారు. మీ పక్క బల్ల మీద కూర్చున్న స్నేహితుడి భాష నుంచి రోజుకు ఒక మాట తీసుకోండి. అతనికి మీ భాషలో ఒక మాట ఇవ్వండి. సెలవులు పోగా ఏడాదికి రెండు వందల మాటలు. మూడేళ్లకు ఆరు వందలు. ఆరు వందల మాటలతో ఏ ఊళ్లో అయినా ఆకలేస్తే అన్నం దొరుకుతుంది, దిగులేస్తే స్నేహితుడు దొరుకుతాడు.

తల్లిదండ్రులకు చివరగా. మార్కుల లెక్కలో తెలుగు మీకు చిన్నదిగా కనిపించవచ్చు. బోర్డు పరీక్షలో దానికి చోటు ఉండకపోవచ్చు. పిల్లలు ఎంతమంది చేరారన్నదాన్ని బట్టే ప్రాంతీయ భాష తరగతి నడుస్తుంది. ఒక్కొక్కరు వెనక్కి తగ్గుతూ పోతే తరగతే ఉండదు. అప్పుడు నిజంగా నేర్చుకోవాలనుకున్న పిల్లవాడికి కూడా తలుపు మూసుకుపోతుంది. మీ అమ్మాయి పేరు ఆ జాబితాలో రాయించడం ఆమె ఒక్కదాని కోసమే కాదు, పక్క క్వార్టర్‌లో ఉన్న ఇంకో అమ్మాయి కోసం కూడా.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి ఈ ద్వీపాలకు వేగవంతమైన ఇంటర్నెట్ ఇచ్చారు. అంతకు ముందు ఒక వీడియో తెరుచుకోవాలంటే ఎంతసేపు ఎదురుచూడాలో ఇక్కడివాళ్లను అడగండి. ఇప్పుడు హైదరాబాదులో నిన్న రాత్రి జరిగిన సినిమా వేడుక ఇవాళ పొద్దున మీ ఫోన్‌లో ఉంటుంది. మీరు ఎలాగూ చూస్తారు, చూడవద్దని మేము అనం. ఈసారి చూసేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీకు తెలియని తెలుగు మాట ఒకటి వినపడితే రాసుకోండి. దాని అర్థం ఇంట్లో అడగండి, ఇంట్లో తెలియకపోతే జంగ్లీఘాట్‌లో అడగండి, అక్కడా తెలియకపోతే మా దగ్గరికి తీసుకురండి. మాకూ తెలియకపోతే బ్రౌన్ దొరను అడుగుదాం.

వచ్చే ఏప్రిల్‌కు ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరు ఈ ద్వీపంలో ఉండరు. బహుశా మేము కూడా ఉండకపోవచ్చు. ఎక్కడికి వెళ్లినా అక్కడి భాషకు చుట్టపుచూపుగా కాకుండా ఇంటి మనిషిగా వెళ్లండి.